అద్దం మేస్త్రి, ఎర్ర బానెట్

పేటలో అందరూ ఆయన్ని అద్దం మేస్త్రి అనేవారు. ఆయన రంగు వేసిన కారులో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చని ఆ పేరు. మూతికి గుడ్డ ముక్కైనా కట్టుకోకుండా ఏళ్ల తరబడి పీల్చిన ఆ రంగే చివరికి ఊపిరితిత్తులను తినేసింది. నాలుగు మెట్లు ఎక్కితే గోడ పట్టుకుని నిలబడిపోయేవాడు. ఇంకోసారి రంగు వాసన తగిలితే తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరు చెప్పేశాడు.

అప్పటినుంచి ఇల్లు నడిపింది భార్యే. పాత ఎర్ర కారులో ఒక కంపెనీ ఉద్యోగులను పొద్దున దింపి, సాయంత్రం తెచ్చేది. ఇంటి ముందు నీడ లేక, కారు ఎండకు వెలిసి ఇటుక పొడిలా తయారైంది. బానెట్ మీద మెరుపు కోసం వేసిన లాకర్ పూతైతే పొరలు పొరలుగా లేచిపోయింది. ఒక శుక్రవారం కంపెనీ సూపర్‌వైజరు గోటితో ఒక పొర పీకి చూపించాడు.

"ఏంటమ్మా ఇది, పాము కుబుసం విడిచినట్టు? సోమవారానికి బాగుచేసి తెండి. లేదంటే వేరే బండి పెట్టుకుంటాం."

"షెడ్డులో ఇస్తే వారం పడుతుంది సార్."

"అది మీరు చూసుకోండి."

ఇంటికొచ్చి చెబితే మేస్త్రి వెంటనే చొక్కా చేతులు మడిచాడు. ఆమె గుమ్మానికి అడ్డం నిలబడింది.

"మీరు కిటికీ మూసుకుని లోపలినుంచి చెప్పండి. నేను చేస్తాను."

"నోటితో చెబితే వచ్చేది కాదే అది. చేతికి తెలియాలి."

"నా చేతికీ తెలుస్తుందిలెండి."

శనివారం కారంతా పాలిష్ పెట్టి రుద్దేసరికి వెలిసిన ఎరుపు కొంత తేరుకుంది. బానెట్‌కు పాలిష్ చాలదు, పాత పూతంతా తీసేయాలి. నీళ్లు చల్లుతూ వాటర్ పేపర్ అనే గరుకు కాగితంతో రుద్దసాగింది. "అంచుల దగ్గర మెల్లగా" అని కిటికీ అద్దం వెనక ఆయన అరిచిన అరుపు ఆమె చెవిన పడేసరికే ఎరుపు పోయి, అడుగునున్న బూడిద రంగు ప్రైమర్ పూత బయటపడింది. ఉన్నది కూడా పోగొట్టానని తడి పేపరు చేత్తో పట్టుకుని నేల మీద చతికిలబడింది.

ఆయన కిటికీ తట్టాడు. "ఏడుపు తర్వాత. ఆరనిచ్చి ఎరుపు కొట్టు. పలచగా కొట్టు."

ఆదివారం మంచం కిందున్న ఆయన పాత రంగు కొట్టే గన్ను, దానికి గాలి పట్టే చిన్న కంప్రెసరు బయటికి లాగింది. ఎరుపు బాగానే పట్టింది. లాకర్ కొట్టే వేళకు మబ్బు కమ్మి గాలి చెమ్మగా మారింది. ఆగమని ఆయన అద్దం మీద బాదుతూనే ఉన్నాడు. తెల్లారితే సోమవారం. ఆమె ఆగలేదు. చూస్తుండగానే పచ్చి పూతకు చెమ్మ పట్టి, బానెట్ పాలు పోసినట్టు తెల్లబారింది.

కంప్రెసరు రొదలో తలుపు చప్పుడు ఆమెకు వినబడలేదు. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని వచ్చి, ఆయన ఆమె చేతిలోని గన్ను లాక్కున్నాడు.

"మీకేమైనా పిచ్చా? లోపలికి పొండి."

"జరుగు. ఇలాగే ఆరిందంటే మళ్లీ మొదటికొస్తుంది."

ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. ఆయన విదిలించుకుని, గన్నులో పూతను కరిగించే థిన్నర్ పోసి, ఈ చివరనుంచి ఆ చివరదాకా చెయ్యి ఎక్కడా తడబడకుండా మంచులా పరిచాడు. తెలుపు కరిగి ఎరుపు పైకి తేలింది. ఆమె అన్నీ మరిచిపోయి చూస్తూ ఉండిపోయింది. అలా నిలబడిపోయినందుకు ఇప్పటికీ తనను తాను తిట్టుకుంటుంది.

ఆయనకు ఊపిరి అందలేదు. బానెట్‌కు ఆనుకోబోయి, పూత పాడవుతుందని చెయ్యి వెనక్కి తీసుకుని, అలాగే నేల మీదికి ఒరిగిపోయాడు.

ఆసుపత్రికి ఆ కారులోనే తీసుకెళ్లింది. దారిలోని దుమ్మంతా పచ్చి పూతకు అతుక్కుంది. సోమవారం పొద్దున ఆమె వార్డు బయట బల్ల మీద ఉంది. కంపెనీ వేరే బండి పెట్టుకుంది.

మేస్త్రి ప్రాణంతో బయటపడ్డాడు, కానీ ముక్కుకు ఆక్సిజన్ గొట్టం శాశ్వతమైంది. ఇంటికి తెచ్చే రోజు కారెక్కబోతూ బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"దుమ్మే ఇది. సన్న పేపరుతో రుద్దితే పోతుంది."

"ముందు ఎక్కండి."

ఆమె దాన్ని రుద్దలేదు. ఇప్పుడు ఆ కారులో లాడ్జీల దుప్పట్ల మూటలు చాకిరేవుకు చేరవేస్తుంది. అక్కడ బండి రంగు ఎవరికీ పట్టదు. గన్ను, డబ్బాలు, మిగిలిన పేపరు చెత్తబండిలో వేసేసింది. ఆ రోజంతా మేస్త్రి ఆమెతో మాట్లాడలేదు.