పడవలో ఇటు తిరిగి కూర్చున్న ఆంటీ

రిచ్‌మండ్ హిల్‌లో మా పక్కింటి ఆంటీ ఏ వింతనూ తిన్నగా చూసేవారు కాదు. నయాగరా దగ్గర కూడా జలపాతానికి వీపు పెట్టి, చూసేవాళ్ళ మొహాలు చూస్తూ నిలబడేవారు.

మాతో బ్యాంకాక్ వచ్చినప్పుడూ అంతే. వీధిలో బండి దగ్గర నూడుల్స్ కొన్నా, మేం మొదటి ముద్ద తింటుంటే మా మొహాలు చూశాకే తను తినేవారు. మా అమ్మాయి మాత్రం ఎక్కడికెళ్ళినా ఫోన్‌లోంచి తలెత్తకుండా "బోరింగ్, మమ్మీ" అనేది. దీన్నెందుకు తీసుకొచ్చానా అనుకున్నాను.

ఒక సాయంత్రం నదిలో పడవ మలుపు తిరగగానే ఎదురుగా గుడి శిఖరం, దాని వెనక దిగుతున్న సూర్యుడు. నీళ్ళన్నీ బంగారమైపోయాయి. ఆంటీ మావైపే తిరిగి కూర్చుని ఫొటోలు తీస్తున్నారు.

"ఆంటీ, గుడి అటుంది!" అన్నాను.

"ఉండనీ అమ్మా. అదెక్కడికీ పోదు."

ఇంటికొచ్చాక ఆ ఫొటోలు చూపించారు. ఒక్కదాంట్లోనూ గుడి లేదు. ఒకదాంట్లో మా అమ్మాయి ఉంది. నోరు తెరుచుకుని, కళ్ళింత చేసుకుని, చెంపల నిండా ఆ బంగారు వెలుగుతో. ఫోన్ ఒళ్ళో బోర్లా పడి ఉంది.

అమ్మాయి పక్కనే నేనున్నాను, గుడివైపు చూస్తూ.