గంగారాం హాజరు

వీసా రెన్యువల్ రక్తపరీక్షకు వెళ్లినప్పుడల్లా, నర్సు మోచేతి మడతలో దూదితో స్పిరిట్ రాయగానే, సూది కంటే ముందు ఆ వాసన గుచ్చుకుంటుంది. వెంటనే గుర్తొచ్చేది షార్జాలో క్రీక్ అనే సముద్రపు పాయ వెంబడి ఉన్న మూడంతస్తుల పాత బిల్డింగు, అందులో మా వంటింటి బల్ల, దాని మీద వంగి కూర్చున్న నాన్న.

నాన్న ఒక నిర్మాణ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్, అమ్మ ఆసుపత్రిలో నర్సు, ఇద్దరిదీ గోదావరి పక్కన ఊరు. నాన్న హైస్కూల్లో ఉండగా ఒక ఉదయం హెడ్మాస్టరు, అమెరికా అధ్యక్షుణ్ని కారులో వెళ్తుండగా కాల్చేశారని చెప్పి బడికి సెలవిచ్చారట. సెలవొచ్చిందని అందరితోపాటు కేకలేస్తూ పరుగెత్తిన నాన్నను, ఎవరు కాల్చారు, ఎందుకు కాల్చారు అన్న ప్రశ్న ఇరవై ఏళ్లయినా వదల్లేదు. దాని మీద ఆయన దగ్గర నాలుగు అట్ట ఫైళ్లుండేవి: ఒకటోది సాక్షుల మాటలు, రెండోది తూటాలు, మూడోది సమయాలు. అన్నిటికన్నా లావుగా ఉండే నాలుగోది, పెద్ద దేశాల గూఢచారులు చిన్న దేశాల్లో చాటుగా కూల్చిన ప్రభుత్వాల జాబితా. హత్య జరిగిన వీధిని, కిటికీని, కారును ట్రేసింగ్ కాగితం మీద స్కేలు ప్రకారం గీసి, ఒక తూటాకూ ఇంకో తూటాకూ మధ్య ఎన్ని క్షణాలో స్టాప్‌వాచీతో కొలిచేవారు.

పాత విదేశీ వారపత్రికలు ఎక్కడ దొరికినా తెచ్చేవారు. సెన్సారు వాళ్లు కొన్ని పేరాల మీద లావు మార్కర్‌తో నల్లగా పులిమేసేవాళ్లు, నాలుగో ఫైలుకు కావలసిన వాక్యాలు సరిగ్గా ఆ నలుపు కిందే ఉండేవి. గాయాలకని అమ్మ ఇంట్లో పెట్టిన స్పిరిట్‌లో దూది ముంచి, రుద్దకుండా అద్దాలి. మార్కర్ దూదికి ఎక్కేది, అచ్చు అక్షరం కాస్త మసగ్గా మిగిలేది. జూన్ ఉక్కలో కిటికీ ఏసీ నీళ్లు బకెట్లో చుక్కలుగా పడుతుంటే, లాంచీల డీజిలూ ఎండు చేపల కంపూ కిటికీ సందుల్లోంచి వస్తుంటే, నల్లబడ్డ దూది ఉండల్ని చెత్తబుట్టలో వేయడం నా పని. డిసెంబరులో అదే బల్ల మీద పాత కాగితాలు పరిచి, అమ్మ నూనెలోంచి తీసిన గులాబీ పువ్వుల్ని ఆరబెట్టేది, ఒకటి విరిగితే అది నాకు.

ఆ పువ్వుల పళ్లెం మూడో అంతస్తు దాటి మేడ మీదికి కూడా వెళ్లేది. అక్కడ నీళ్ల ట్యాంకుల పక్క గదిలో గంగారాం అన్న ఉండేవాడు. జగిత్యాల దగ్గర పల్లె నుంచి తాపీ పనికని వస్తే, వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ అంటారు, పాస్‌పోర్టు తీసుకుని ఎడారిలో మేకలు కాయమన్నాడట. నాలుగు నెలలు కాసి పారిపోయి వచ్చాడు. ఇంకో కంపెనీ తీసుకుంటానంది. రెండు వారాల్లో వీసా మార్పు కాగితం వస్తే బతికినట్టు, ఈలోగా దొరికితే ఊరికి పంపేస్తారు, మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు. ఆ దరఖాస్తులన్నీ ఇంగ్లీషులో రాసిపెట్టింది నాన్నే. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసిన గంగారాం అన్న, మధ్యాహ్నాలు మా బల్ల దగ్గర చాయ్ తాగుతూ నాన్న గీసిన ఆ వీధి బొమ్మ చూసి నవ్వే మనిషి.

"సార్, మీ అమెరికాయన సచ్చి ఇరవై ఏండ్లాయె. ఇంకా పంచనామ అయితలేదా?"

"రెండు సెకన్లు తేడా వస్తోంది గంగారాం."

"రెండు సెకన్లకు ఇంత పంచాదా!"

నేనూ ఒక నోట్‌బుక్ పెట్టాను. బిల్డింగులోకి ఎవరు ఎప్పుడొచ్చారు, ఎప్పుడెళ్లారు. చూసింది రాయి, అనుకున్నది రాయకు అని నాన్న నియమం, పెన్సిల్‌తోనే రాయమనేవారు. మెట్ల మీద సీసా మూతల ఆట ఆడుతున్నా నా కళ్లు గుమ్మం మీదే. గంగారాం అన్న వస్తూ పోతూ, "ఏం చిన్న సార్, ఇయ్యాల నా హాజరు పడ్డదా?" అని నా తల మీద తట్టేవాడు.

ఒక బుధవారం సాయంత్రం ఇస్త్రీ చొక్కా మనిషొకడు గుమ్మం దగ్గర నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. అతను మందూబ్ అని, కంపెనీల తరఫున ఆఫీసులకు తిరుగుతూ పారిపోయిన వాళ్లను వెతుకుతాడని నాకు తెలియదు. నా చేతిరాత బాగుందని హిందీలో మెచ్చుకుని, మేడ మీద ఎవరుంటారని అడిగాడు. నా పుస్తకం ఎవరైనా అడిగి చూడటం అదే మొదటిసారి. పేజీ తిప్పి చదివి వినిపించాను: పొద్దున ఆరుంపావుకు వెళ్తాడు, ఒంటిగంటన్నరకు వస్తాడు, మళ్లీ మూడింటికి వెళ్తాడు. శుక్రవారం వెళ్లడు.

శుక్రవారం పదింటికి ఇద్దరు పోలీసులతో అతనే వచ్చాడు. అన్నను మెట్ల మీదుగా దింపుతుంటే నేను మూతలు పట్టుకుని గోడకు అతుక్కున్నాను. అన్న నా ముందు ఆగాడు.

"చిన్న సార్, నా హాజరు కొట్టెయ్యి. ఖలాస్."

నవ్వుతూనే అన్నాడు. తెలిసి అన్నాడో తెలియక అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేను.

నాన్న ఆ రోజంతా కంపెనీకీ పోలీసు స్టేషనుకూ తిరిగి చెమటతో ఇంటికొచ్చారు. ఆయన అడగకముందే, ఆ మనిషికి చదివి వినిపించానని చెప్పి పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాను. నేను రాసిన నాలుగు పేజీలూ చదివారు. "టైములన్నీ కరెక్టుగా రాశావురా," అన్నారు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

అమ్మ పొయ్యి దగ్గరి నుంచి వెనక్కి తిరగకుండానే, "వాడికి మనం చెప్పలేదండీ. చెప్పుంటే వాగేవాడా?" అంది.

ఎవరెవరు ఏం దాచారో ఇన్నేళ్లు వెతికిన మనిషి, తాను దాచిన ఆ ఒక్క సంగతి మాత్రం నాకు చెప్పలేదు. ఆయన మార్కర్ తీసి, గంగారాం పేరున్న వరుసలన్నీ సెన్సారు వాళ్లలాగే నల్లగా పులిమి పుస్తకం నాకిచ్చేశారు. అన్న వీసా కాగితం ఆ తర్వాత తొమ్మిది రోజులకు వచ్చింది. అది నాలుగో ఫైల్లోకి వెళ్లింది, ఆ తర్వాత ఆ ఫైళ్లను నాన్న తెరవగా నేను చూడలేదు. ఇల్లు మారినప్పుడు పాత సామానుతో వదిలేశారు.

ఆ బిల్డింగు ఇప్పుడు లేదు, కార్ల పార్కింగు. లాంచీల రేవు జరిగిపోయింది. పత్రికలకు మార్కర్ పూయడం మానేశారు. నాన్న పోయి మూడేళ్లయింది. గంగారాం అన్న ఊరి పేరు అమ్మకూ గుర్తులేదు. అల్ నహ్దాలోని నా ఫ్లాటులో మిగిలింది ఆ నోట్‌బుక్కే.

ఈసారి రక్తపరీక్ష నుంచి వస్తూ ఫార్మసీలో స్పిరిట్ కొన్నాను. బాల్‌పెన్ సిరా అయితే మార్కర్‌తోపాటే కరిగిపోతుంది, పెన్సిల్ గీత కరగదు. ఈ సంగతి జీవితమంతా పెన్సిల్ పట్టిన నాన్నకు తెలియనిది కాదు. పేజీ చింపెయ్యకుండా నాకెందుకు తిరిగిచ్చారో ఆలోచిస్తూ, ఒక వరుస మీద, రుద్దకుండా, అద్దాను. దూది నల్లబడింది. కింద పదేళ్ల వాడి గుండ్రటి అక్షరాలు ఒక్కటీ చెరగలేదు.

శుక్రవారం. గంగారాం అన్న. రోజంతా గదిలోనే.