పాలిష్ మావయ్య దగ్గు

కొందరు పాడతారు, కొందరు ఈల వేస్తారు. పాలిష్ మావయ్య దగ్గేవాడు. బస్టాపులో ఎవరైనా సిగరెట్టు వెలిగిస్తే పొడి దగ్గు. పక్కింటివాళ్ళు చెత్త తగలబెడితే గోడ దాటి వినిపించే దగ్గు. లారీ నల్లపొగ వదిలిందంటే, డ్రైవరే బండి ఆపి దిగివచ్చి వీపు నిమిరేంత దగ్గు. చుట్టాల కొత్తింట్లో రంగు వాసనకు ఆయన దగ్గిన దగ్గుకు, కిటికీలు తెరవడం చాలక తలుపులు కూడా ఊడబీకారని చెప్పుకునేవారు.

ఆయన పని కుర్చీలూ బీరువాలూ చేసే కార్ఖానాలో. పాలిష్ గదిలో ఓ మూల బల్ల ముందు కూర్చుని గుడ్డతో చెక్కను రుద్దేవాడు. అదే గదిలో ఆయన మేనకోడలు స్ప్రే గన్ పట్టుకునేది. మధ్యాహ్నం ఎండ ఏటవాలుగా లోపలికి వస్తే, గాల్లో తేలే వార్నిష్ తుంపర బంగారు మంచులా ఉండేది. కుర్చీలు మోకాళ్ళదాకా ఆ మంచులో మునిగి కునుకు తీస్తున్నట్టు కనిపించేవి. చూస్తూ ఉంటే మనిషి తానెక్కడున్నదీ మరిచిపోయేవాడు. ఆ మంచునే ఆమె తల్లి, అంటే మావయ్య అక్కగారు, పద్దెనిమిదేళ్ళు పీల్చింది. జన్మలో బీడీ ముట్టని మనిషి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయింది.

వానలు మొదలైనప్పటినుంచి మేనకోడలికీ గొంతులో గరగర. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. దగ్గేవాళ్ళను చూస్తే కొనేవాళ్ళు జడుసుకుంటారని, దగ్గు పట్టినవాళ్ళను యజమాని ఇంటికి పంపేసేవాడు. మావయ్య ఒక్కడికే మినహాయింపు. చెక్క మీద ఆయన తెచ్చే నిగారింపు ఇంకో చేతికి రాదు. పని పోతుందన్న భయానికి తోడు, అమ్మ రోగమే తనకూ వచ్చిందేమోనన్న భయంతో ఆమె నోరు విప్పేది కాదు. దగ్గు వస్తే గోడవైపు తిరిగి కొంగు అడ్డం పెట్టుకునేది. విచిత్రం, సరిగ్గా అప్పుడే మావయ్యకూ దగ్గు తెర ముంచుకొచ్చేది.

"ఎవరది?" అని గాజు గదిలోంచి యజమాని కేక.

"నేనే బాబూ! ఇంకెవరుంటారు?"

"కాస్త ఆపవయ్యా మావయ్యా! చెవులు గింగురుమంటున్నాయి," అని ఆమె విసుక్కునేది.

"అడిగితే ఆగేదాన్ని దగ్గంటారటే పిల్లా?"

ఓరోజు ఆయన, "ఛాతీ డాక్టరు దగ్గరికి తోడు రావే. ఒక్కణ్ణీ పోతే దారిలోనే పడిపోతా," అన్నాడు. తీరా ఎక్స్‌రే గదికి వెళ్ళాక మొండికేశాడు.

"ఆ పలకను చూస్తే గుండె జారిపోతోంది బాబూ. ముందు మా అమ్మాయిని నిలబెట్టండి. చూసి నేర్చుకుంటా."

"ఇదేమన్నా డాన్సా, చూసి నేర్చుకోడానికి?" అన్నాడు ఎక్స్‌రే తీసేవాడు. కానీ చీటీలు రెండున్నాయి. మావయ్య ముందురోజే వచ్చి ఇద్దరి పేర్లా రాయించుకుపోయాడు.

డాక్టరు రెండు ఫిల్ములూ వెలుతురుకు పెట్టి చూసింది. "పెద్దాయన ఊపిరితిత్తులు శంఖాల్లా శుభ్రంగా ఉన్నాయి. అసలు ఈయనెందుకొచ్చారు?"

మావయ్య పైకప్పు చూశాడు.

"అమ్మాయికి గాలిగొట్టాలు వాచాయి. భయపడకమ్మా, క్యాన్సర్ కాదు. కానీ ఆ తుంపరలో ఉండే రసాయనాలను ఏళ్ళ తరబడి పీలిస్తే ఆ ప్రమాదం పెరుగుతూ పోతుంది. మూడు నెలలు స్ప్రే ముట్టుకోవద్దు. గదిలో గాలిని బయటికి లాగే ఫ్యాను ఉండాలి, ముఖానికి సరైన మాస్కు ఉండాలి." అదే కాగితం మీద రాసిచ్చింది.

ఆసుపత్రి మెట్ల మీద మేనకోడలు ఆగిపోయింది. "మావయ్యా, నీకసలు దగ్గే లేదు కదూ?"

"మెల్లిగా మాట్లాడవే! ఎన్నేళ్ళు కష్టపడి తెచ్చుకున్న పేరది."

"నాకు వచ్చినప్పుడల్లా..."

"ఒకే గదిలో రెండు దగ్గులు వినిపిస్తే రెండోది ఎవరిదని అడుగుతాడు. అందుకని ఒక్కటే వినిపించేలా చూశా."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంతలో దగ్గు వచ్చి రెంటినీ తోసేసింది.

మర్నాడు మావయ్య, పైన రాసిన పేరు కనపడకుండా మడిచి, తనదేనంటూ ఇచ్చిన కాగితాన్ని యజమాని రెండుసార్లు చదివాడు. "నిన్ను స్ప్రే ముట్టొద్దంటుందేమిటయ్యా? నువ్వెప్పుడు ముట్టావు?"

సరిగ్గా అప్పుడే మేనకోడలి గొంతులో గరగర మొదలైంది. మావయ్య వెంటనే ఛాతీ నిండా గాలి పీల్చుకుని సిద్ధమయ్యాడు. ఆమె ఆయన చొక్కా చెయ్యి పట్టుకు లాగింది.

"ఉండు మావయ్యా. ఇది నాది."

గోడవైపు తిరగకుండా, యజమాని ఎదురుగా నిలబడి దగ్గింది. నెలలుగా దాచుకున్నదంతా దగ్గింది. యజమాని కుర్చీ వెనక్కి జరిగింది. తలుపు సందులోంచి తన గాజు గదిలోకీ పారుతున్న ఆ బంగారు మంచును ఆయన అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చాలాసేపు చూశాడు.

"మీ అమ్మా ఇలాగే దగ్గేది," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "ఫ్యాను బిగించేదాకా ఇక్కడెవరూ స్ప్రే పట్టుకోవద్దు. నువ్వు మూడు నెలలూ పాలిష్ బల్ల దగ్గర కూర్చుని పని నేర్చుకో." తర్వాత మావయ్యవైపు తిరిగి, "మరి నీ దగ్గు తగ్గేదెప్పుడయ్యా?" అన్నాడు.

"ఫ్యాను తిరగనివ్వండి బాబూ, అదే తగ్గిపోతుంది," అన్నాడు మావయ్య. అని, యజమాని ఆ మాట మరిచిపోకుండా ఉండటానికి, ఒకే ఒక్కసారి, ఎంతో మర్యాదగా దగ్గాడు.