తెలుగులో చెప్పని తీర్పు

జడ్జిగారు పోయారని వాళ్లమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను ఇంగ్లండులో, షెఫీల్డ్‌లో ఒక కోర్టు బయట నిలబడి ఉన్నాను. నిద్రలోనే వెళ్లిపోయారట. "నాన్నకి ఈ ఊళ్లో కోర్టు ఒక్కటే తెలుసండీ. అందుకే ముందు మీకే చెబుతున్నాను," అందావిడ. ఆవిడ ఇక్కడే ఆసుపత్రిలో డాక్టరు. ఆయన ఆవిడ దగ్గరే ఉండేవారు.

ఇంగ్లీషు రాని తెలుగువాళ్ల కేసు ఏదైనా వస్తే వాళ్ల పక్కన కూర్చుని, జరిగే ప్రతి మాటా చెవిలో తెలుగులో చెప్పడం నా పని. అలాంటి ఒక రోజు, వెనక సందర్శకుల బెంచీ మీద, కోటు బొత్తాలన్నీ పెట్టుకుని కూర్చున్న పెద్దాయన కనిపించారు. న్యాయమూర్తి లోపలికి వస్తుంటే అందరికంటే ముందు ఆయనే లేచారు. విరామంలో దగ్గరకొచ్చి "ఏ ఊరమ్మా మీది?" అన్నారు. కాకినాడ అన్నాను. ఆయనది అనంతపురం వైపు. "గవర్నమెంటు సర్వీసులో చేసినాను," అన్నారంతే. రాష్ట్రం విడిపోకముందే హైకోర్టు జడ్జిగా రిటైరయ్యారని చాలా నెలల తర్వాత వాళ్లమ్మాయి చెబితే తెలిసింది. నేను "జడ్జిగారూ" అని పిలవబోతే ఆపేశారు. "అంకుల్ అను, చాలు."

నా కేసు ఉన్న రోజు తప్పకుండా వచ్చేవారు. మధ్యాహ్నం తను తెచ్చుకున్న పెరుగన్నంలో సగం డబ్బా మూతలో పెట్టి నా వైపు జరిపేవారు. తింటూ ఉద్యోగం సంగతులు చెప్పేవారు.

"మున్సిఫ్‌గా ఉన్నప్పుడు సాక్షులతో నేనే మాట్లాడతాంటి. ఎద్దుల తగవైనా, గట్టు తగవైనా వాళ్ల మాటల్లోనే వింటాంటి. జిల్లా జడ్జినైనాక అది తగ్గె. హైకోర్టుకు పోయినాక మనిషి మాట వినేదే లేదు. అంతా లాయర్లు, అంతా ఇంగ్లీషు. కేసు ఎవరిదో ఆ మనిషి వెనకాల గోడకు ఆనుకోని నిలబడి ఉంటాడు."

డబ్బా మూత నా చేతిలోంచి తీసుకుంటూ, "నువ్వు పక్కన కూర్చోని చెప్తావే, అది చూసేకే వస్తా నేను," అన్నారు. నన్ను మెచ్చుకుంటున్నారనుకున్నాను.

ఆ చలికాలం వరంగల్ నుంచి వచ్చిన ఒకావిడ కేసు పడింది. వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేసేది. ఉద్యోగం నుంచి తీసేస్తే, ఉద్యోగుల తగవులు చూసే ట్రిబ్యునల్‌కి వెళ్లింది. తీర్పు ఆ రోజే చదివారు. నేను నేర్చుకున్న తెలుగులో, "మీ ఫిర్యాదును తోసిపుచ్చడమైనది," అని చెప్పాను. ఆవిడ నవ్వు మొహంతో న్యాయమూర్తికి దణ్ణం పెట్టింది. ఆవిడకి అర్థం కాలేదని నాకు తెలిసింది. మా పనిలో సొంతమాట కలపకూడదు. కాగితాలు సర్దుకుంటూ తల వంచుకున్నాను.

బయట వరండాలో ఆవిడ ఇంటికి ఫోన్ చేయబోతుంటే ఆయన గబగబా ఎదురెళ్లారు. అంత తొందరగా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మా, ఆ ఫోన్ చేయొద్దు. నువ్వు ఓడిపోయినావు."

"గదేంది సార్? ఆ జడ్జి మేడం మంచిగనే మాట్లాడింది గదా?"

"మంచిగనే మాట్లాడింది. అయినా నీ ఉద్యోగం తిరిగి రాదు. ఎందుకో చెప్తా. కూర్చో."

ఆవిడ ఏడుస్తున్నంతసేపూ పక్కనే కూర్చున్నారు. తర్వాత తీర్పంతా మొదటి నుంచి, ఇరుగుపొరుగు మాట్లాడుకున్నట్టు చెప్పారు. అప్పీలుకి వెళ్లొచ్చా, వెళ్తే ఏమవుతుంది, అదీ చెప్పారు. ఆవిడ వెళ్లిపోయాక నా వైపు చూడకుండా మాట్లాడారు.

"హైకోర్టులో ఉన్నప్పుడు మా తట్టు నుంచి ఒక విధవరాలు వచ్చింది, భూమి కేసు. మరిది మీద. రెండు నిమిషాల్లో కొట్టేసినా, ఇంగ్లీషులో. ఆమె చేతులెత్తి 'సల్లగుండు సామీ' అనె. గెలిచినాననుకుందని నాకు తెలిసిపోయింది. నా బాసే గదా ఆమెది. ఒక్క మాట చెప్పొచ్చు. నేను తర్వాతి కేసు పిలవమన్నా."

తీర్పు తప్పా అని అడిగాను.

"తీర్పు సరైందే. ఇప్పుడైనా అదే ఇస్తా. సిగ్గు దాని గురించి కాదు."

మరుసటి ఏడాది ఇండియా వెళ్లొచ్చారు. తిరిగొచ్చాక కోర్టు దగ్గర కలిసి, ట్రామ్ స్టాప్ దాకా నాతో నడిచారు. ఆ భూమి కేసులోని ఊరి పేరు గుర్తుపెట్టుకుని వెళ్లారట. ఆమె బతికే ఉంది. కూతురింట్లో, వాకిట్లో కూర్చుని చింతకాయలు కొడుతోందట. ఆయన తానెవరో చెప్పారు.

"ఏమందండీ?"

"తిట్టలేదు. తిట్టింటే బాగుండు. ఆ పొద్దు ఊరికి పోయి, గెలిచినానని ఇంటింటికీ బెల్లం పంచిందంట. మరిదింటికి గూడా పంపించిందంట. నాలుగు రోజులకు వాడు ట్రాక్టరు తెచ్చి చేన్లోకి దిగె. ఊరంతా గట్టు మీద నిలబడి చూసినారంట." "భూమి పోయినందుకు ఏమీ అనలేదమ్మా. 'ఆ పొద్దే చెప్పింటే బెల్లం పంచకపోదును గదా సామీ' అనె."

ఆ తర్వాత కూడా కోర్టుకి వచ్చారు, నాతో కలిసి తిన్నారు. నా చేత మాత్రం "తోసిపుచ్చడమైనది" లాంటి మాటలు ఒక్కొక్కటీ మాన్పించారు. వరండాలో ఎవరైనా తెలుగువాళ్లు అయోమయంగా కనబడితే నాకంటే ముందే వెళ్లి పలకరించేవారు. ఇప్పుడు ఆయన్ని తలుచుకుంటే ముందుగా గుర్తొచ్చేది మాత్రం బెల్లం సంగతి చెప్పిన ఆ సాయంత్రమే. సన్నగా వాన పడుతోంది. ఆయన ఎక్కాల్సిన ట్రామ్ వచ్చి ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి. లోపల ఎవరో జరిగి చోటిచ్చారు. ఆయన పట్టాల వైపు చూస్తూ అలాగే నిలబడిపోయారు. తలుపులు మూసుకున్నాయి, ట్రామ్ వెళ్లిపోయింది.