వెనక కూర్చున్నవాడు

సూళ్లూరుపేట దాటాక టీ కోసం ఆగారు. పెంచలకృష్ణ హెల్మెట్ తీసి నుదురు తుడుచుకున్నాడు. "ఇంక అయిపోయినట్టేరా. హైవే మీదనే గూడూరు పోతే మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాం" అన్నాడు.

కన్యాకుమారి దాకా వెళ్లి తిరిగొస్తున్న మూడు బండ్లూ ఎండలో పక్కపక్కన నిలబడి ఉన్నాయి. ఉప్పుగాలికీ దుమ్ముకూ వాటి అసలు రంగు ఏమిటో పోల్చుకునేట్టు లేదు.

అన్వర్ టీ గ్లాసు కింద పెట్టాడు. "హైవే వద్దు. నాయుడుపేటలో తిరిగి చిట్టమూరు రోడ్డు మీద పోదాం. మీ ఇంటికాడే ముగిద్దాం. మీ నాయనకు ఫోన్ చేసి చెప్పినా. అన్నాలు వండిస్తా ఉండాడు. మా అమ్మీ కూడా వస్తా ఉండాది."

"ఆ రోడ్డు బాగలేదు గదరా."

"బాగు చేసినారు. నువ్వు ఆ దారిన పోయి చాన్నాళ్లయింది, నీకు తెలీదు."

మూడోవాడు ఫ్రెడ్డీ. కృష్ణపట్నం దగ్గర కరెంటు ప్లాంటులో పని చేస్తాడు. అతనికి ఏ దారైనా ఒకటే. "వెంకయ్య పెదనాయన వండిస్తుంటే ఇంక రోడ్డు గురించి మాటలేంది, పదండి" అని బండి తీశాడు. పెంచలకృష్ణకు కాదనడానికి సాకు దొరకలేదు.

ఈ ముగ్గురూ గూడూరు కాలేజీలో ఒకే బెంచీ వాళ్లు. అన్వర్‌కు చదువు అబ్బలేదు. తండ్రి ఖాదర్ మొహిద్దీన్ నడిపే సీటు కవర్ల అంగట్లో కూర్చుని, ఆయన చేతికింద రెగ్జిను కోయడం, కుట్టడం నేర్చుకున్నాడు. తమ్ముడు కలీం మాత్రం బండ్లంటే ప్రాణం పెట్టేవాడు. ఎవరు ఎక్కడికి బయలుదేరినా నేనూ వస్తానని వెనక ఎక్కేవాడు. అట్లాగే ఒక పెళ్లికని పెంచలకృష్ణతో నాయుడుపేట పోయాడు. తిరిగొచ్చేటప్పుడు చిట్టమూరు రోడ్డు మీద, కల్వర్టు దగ్గర బండి గోడకు కొట్టుకుంది. కలీం ఆసుపత్రిలో చనిపోయాడు. పెంచలకృష్ణ కాలు విరిగి బతికాడు.

కలీమే తాగి నడిపాడని పెంచలకృష్ణ చెప్పాడు. సీసా పగిలి ఇద్దరి బట్టలకూ బ్రాందీ వాసనే ఉంది కాబట్టి ఎవరూ ఇంకో మాట అడగలేదు.

ఆ మాట ఖాదర్ మొహిద్దీన్‌ను తినేసింది. మసీదులో ముందు వరసలో నిలబడే మనిషి చెప్పుల దగ్గరికి జరిగాడు. తాగి చచ్చినవాడి తండ్రి అని ఒకరు అన్నదాన్ని చెవులారా విన్నాడు. ఆ తర్వాత అంగడికి రావడం మానేశాడు, కొన్నాళ్లకు మంచం పట్టాడు, పోయాడు.

పెంచలకృష్ణ మాత్రం కుంటుకుంటూనే ప్రతి రంజానుకూ వచ్చేవాడు. కలీం తల్లి మెహబూబున్నీసా ఎదుట కూర్చుని, "వాడి మీద నాకేం కోపం లేదమ్మా. పిల్లోడు, తెలీక చేసినాడు" అనేవాడు. ఆ తల్లి కళ్లనీళ్లు పెట్టుకుని, కొడుకు చేసిన పాపానికి తాను బాకీపడ్డట్టు, అతని కాలికి నూనె కాచి మర్దన చేసేది. అన్వర్ అతని బండికి ఎప్పుడూ ఊరికే సీటు కుట్టి ఇచ్చేవాడు. అంత క్షమించిన మనిషికి అంతకన్నా ఏం చేయగలమని బాధపడేవాడు కూడా.

ఈ ప్రయాణానికి కొద్ది రోజుల ముందు ప్రేమలీల అనే నర్సు స్కూటీ సీటు కోసం అంగడికి వచ్చింది. గోడ మీద కలీం ఫోటో చూసి చాలాసేపు నిలబడిపోయింది.

"ఈ బాబు మీ తమ్ముడా? ఆ రోజు నేనే డ్యూటీలో ఉండాను. తెలివి ఉండగా ఒకటే మాట అడిగినాడు. 'అక్కా, కిష్టన్న బతికుండాడా? ఆయనే నడపతా ఉండె, ఆయనకే ఎక్కువ తగిలుంటది' అని. నోట్లో మందు వాసన కూడా లేదు పాపం. ఆ వారమే నాకు బదిలీ అయింది. మీకివన్నీ తెలుసనుకున్నా."

అన్వర్ ఆమె స్కూటీ సీటు కుట్టి ఇచ్చాడు. తర్వాత అంగడి షట్టరు దించి, లోపలే కూర్చుని పిడికిలి నోట్లో పెట్టుకుని ఏడ్చాడు. ఏడుపు అయ్యాక మిగిలింది పగ ఒక్కటే. కన్యాకుమారి పోదామని పెంచలకృష్ణ ఎన్నాళ్లనుంచో అడుగుతున్నాడు. ఆ సాయంత్రమే అన్వర్ ఫోన్ చేసి, వస్తానన్నాడు.

దారి పొడుగునా అవకాశాలు వచ్చాయి. ఘాట్ రోడ్డు మలుపులో పెంచలకృష్ణ లోయ అంచున నిలబడి ఫోటో తియ్యమన్నాడు. అన్వర్ తీశాడు. రామేశ్వరం దగ్గర ఇసుకలో వాడు పక్కనే ఒళ్లు తెలియకుండా పడుకుంటే, ఆ గొంతు వైపు చూస్తూ కూర్చున్నాడు. తోసెయ్యడం, నొక్కెయ్యడం పెద్ద పని కాదు. కానీ అట్లా పోతే వాడు మంచివాడిగానే పోతాడు. ఊరంతా ఏడుస్తుంది. తన తల్లి అందరికంటే ఎక్కువ ఏడుస్తుంది. అది అన్వర్ తట్టుకోలేడు. అందుకే నవ్వాడు, కలిసి తిన్నాడు, వాడి బండికి పంక్చరైతే తోశాడు కూడా. చివరి రోజు కోసం ఆగాడు.

నాయుడుపేట దాటాక రోడ్డుకు రెండు పక్కలా కోతలైన మళ్లు, వాటి వెనక రొయ్యల గుంటలు. కల్వర్టు కనబడగానే పెంచలకృష్ణ వేగం పెంచాడు. అన్వర్ అంతకన్నా వేగంగా ముందుకు వెళ్లి బండి అడ్డం పెట్టాడు. దిగి, పెంచలకృష్ణ బండి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"ఏందిరా ఇది?"

"కలీం పోయేముందు మాట్లాడినాడంట. నీకు తెలుసా?"

పెంచలకృష్ణ బండి దిగి హెల్మెట్ తీశాడు.

"నీ గురించే అడిగినాడు. కిష్టన్న బతికుండాడా అని. ఆయనే నడపతా ఉండె, ఆయనకే ఎక్కువ తగిలుంటది అని."

పెంచలకృష్ణ కల్వర్టు గోడ మీద చతికిలబడ్డాడు. అబద్ధమని అంటాడేమోనని అన్వర్ ఒక్క క్షణం చూశాడు. అనలేదు. అదే ఒప్పుకోవడం.

ఫ్రెడ్డీ హెల్మెట్ చేతిలో పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "కిష్టా, నువ్వా నడిపింది?"

"భయపడినాన్రా" అన్నాడు పెంచలకృష్ణ, నేల చూస్తూ. "కామాక్షితో నిశ్చితార్థం అయ్యి ఉండె. జైలుకు పోతే నా బతుకేంది అనుకున్నా. వాడెట్లాగూ పోయినాడు గదా, వాడికింకేం నష్టం అనుకున్నా."

"వాడికి నష్టం లేదు" అన్నాడు అన్వర్. "మా నాయనకు?"

పెంచలకృష్ణ అతని చేతులు పట్టుకోబోయాడు. "నీ కాళ్లు పట్టుకుంటా. ఏం చెయ్యమన్నా చేస్తా. మా నాయనకు, కామాక్షికి చెప్పబాకరా."

"నేను చెప్పను. నువ్వు చెప్తావు. మా అమ్మీ ముందర, మీ వాళ్ల ముందర. నువ్వు చెప్పకపోతే ఆ నర్సమ్మను పిలిపిస్తా. అప్పుడు మీ ఊరికే కాదు, మండలానికంతా తెలుస్తది."

తాళంచెవి తిరిగి ఇచ్చి, అన్వర్ వెనకగా వచ్చాడు. ముందు పోతున్న ఆ వీపును, వంగిన ఆ తలను చూస్తుంటే అతనికి కడుపు నిండినట్టుంది. కన్యాకుమారి దాకా పోయినా దొరకని సుఖం ఆ కొద్ది దూరంలో దొరికింది. వాడు నెమ్మదిగా నడుపుతున్నందుకు కూడా సంతోషించాడు.

ఇంటి ముందు షామియానా వేశారు. వెంకయ్య మూడు దండలతో ఎదురొచ్చి, ముందు కొడుకు మెడలోనే వేశాడు. కోడలు కామాక్షి చెంబుతో నీళ్లు తెచ్చింది. లోపల కుర్చీలో కూర్చున్న మెహబూబున్నీసా, "కిష్టా, అన్ని దినాలు బండి మీద కూర్చుంటివే, కాలు నొప్పి పుట్టలేదా నాయనా" అని అడిగింది.

పెంచలకృష్ణ ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. పెదాలు కదిలాయి గానీ మాట వినబడలేదు.

"గట్టిగా చెప్పు" అన్నాడు అన్వర్ గుమ్మంలో నిలబడి. "అమ్మీకి చెవులు సరిగా వినబడవు."

పెంచలకృష్ణ రెండోసారి గట్టిగా చెప్పాడు. షామియానా కింద ఆకులు వేస్తున్నవాళ్లు కూడా ఆగిపోయారు. వెంకయ్య చేతిలోని దండ జారింది.

మెహబూబున్నీసా కుర్చీలోంచి ముందుకు వంగింది. "అయితే తాగింది?"

"నేనేనమ్మా."

"నా బిడ్డ తాగలేదా?"

"లేదమ్మా. వాడు వద్దనే చెప్పినాడు."

ఆమె తన రెండు అరచేతులు చూసుకుంది. ఇన్నేళ్లు ఆ కాలికి నూనె రాసిన చేతులు. కామాక్షి తెచ్చిన చెంబు అందుకుని, వాకిట్లోకి వెళ్లి, వాటిని మోచేతుల దాకా కడుక్కుంది.

"శుక్రవారం మసీదుకాడికి రా" అంది వెనక్కి తిరగకుండానే. "ఇప్పుడు నాకు చెప్పినట్టే నమాజు ముగించుకుని వచ్చేవాళ్లందరికీ చెప్పు. నా మొగుడు తల దించుకున్న చోట చెప్పు."

వెంకయ్య కొడుకు మెడలోంచి దండ లాగేశాడు. అది తెగి పూలు రాలాయి. కామాక్షి లోపలికి పోయి తలుపు వేసుకుంది. అన్వర్ తన బండి పెట్టెలోంచి కత్తి తీసి, పెంచలకృష్ణ బండి దగ్గరికి వెళ్లి, తాను కుట్టిన సీటు కవరు కుట్లు ఒక్కొక్కటే తెంపాడు. స్పాంజి బయటపడింది. చుట్టూ మనుషులు చూస్తున్నారు. ఎవరూ ఆపలేదు. ఫ్రెడ్డీ మాత్రం దగ్గరికొచ్చి, "చాల్లేరా అన్వరూ" అన్నాడు.

"ఇంకా కాలేదు" అన్నాడు అన్వర్. తల్లిని బండి వెనక ఎక్కించుకుని, వండినవి ముట్టకుండా గూడూరు వచ్చేశాడు.

శుక్రవారం పెంచలకృష్ణ వచ్చాడు. మసీదు మెట్ల కింద ఎండలో నిలబడి చెప్పాడు. కొందరు తిట్టారు, ఒకాయన ఉమ్మేశాడు. ఆ సాయంత్రం పెద్దమనుషులు ఇద్దరు మెహబూబున్నీసా ఇంటికి వచ్చి, ఖాదర్ భాయ్ విషయంలో తప్పుగా మాట్లాడామన్నారు. ఆమె తలుపు సందులోంచే విని, కూర్చోమనకుండా పంపేసింది. కామాక్షి పుట్టింటికి వెళ్లిందని, వెంకయ్య కొడుకుతో మాట్లాడటం లేదని తర్వాత తెలిసింది. ఆ వార్తలు విన్న పూట అన్వర్ రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. జాలి వస్తుందేమోనని ఎదురుచూశాడు. రాలేదు.

ఒకరోజు ఫ్రెడ్డీ అంగడికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "వాడు చిక్కి సగమైనాడురా. నువ్వు క్షమించకపోయినా పర్లేదంట. ఒక్కసారి వచ్చి తిట్టినా చాలంట. నిన్ను అడగమన్నాడు."

అన్వర్ మిషను కింద రెగ్జిను ముక్క సర్దుకున్నాడు.

"తిడితే వాడికి తేలికవుతది" అన్నాడు. "నేను తిట్టను."