జీడిరసంతో గీసిన గీత

నా చిన్నప్పుడు, కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, మా పక్కింటి అక్క అత్తగారింటి నుంచి పుట్టింటికి వచ్చేసింది. ముంజేతి మీద బొల్లి మచ్చ కనబడిందని రాయచోటిలోని అత్తగారు ఆమెను పంపించేశారు. అప్పుడప్పుడే నడక నేర్చిన కూతుర్ని మాత్రం తమ దగ్గరే ఉంచుకున్నారు. మచ్చ పోతే రమ్మన్నారు. ఆమె వాళ్ల నాయన మగ్గం పక్కన కూర్చుని కండెలు చుడుతూ ఉండేది.

ఇలాంటి మచ్చలకు కర్నూల్లో ఒక డాక్టరు ఆపరేషన్ చేస్తాడని విని, తోడుగా నన్ను తీసుకుని పోయింది. ఆయన మచ్చ చుట్టూ సిరాతో గీత గీశాడు. ఏడాదిపాటు మచ్చ ఆ గీత దాటకపోతే తొడ మీది చర్మం పలచగా తీసి అక్కడ అతికిస్తానన్నాడు. ఇంకా పాకుతున్న మచ్చ మీద వేస్తే అతుకు కూడా తెల్లబడిపోతుందట.

స్నానానికి వెలిసిపోయే ఆ గీతను పాత జాడ మీదే దిద్దడం నా పని. "ఏమప్పా, ఈ పొద్దు దిద్దవా?" అని గోడ మీంచి పిలిచేది. మచ్చను చూడలేక, చెయ్యి నాకిచ్చి మొహం తిప్పుకునేది. కొన్నాళ్లకు నాకు విసుగు పుట్టింది. బయట గోలీలాట సాగుతుంటే ఈ చాకిరీ ఏమిటనుకున్నాను. చాకలి మా బట్టల మీద జీడిగింజ రసంతో పెట్టే గుర్తు ఎంత ఉతికినా పోదు. దానితో ఒకసారి గీస్తే పీడ వదులుతుందని, ఆమెను అడక్కుండానే గీసేశాను.

"ఈడ శానా మండుతాండాది రా" అంది మర్నాడు. గీత పొడవునా బొబ్బలు లేచాయి. అవి మానిన చోటల్లా చర్మం తెల్లగా తేలింది. మచ్చ తనంతట తాను కదల్లేదు. నేనే కదిలించాను.

డాక్టరు మండిపడ్డాడు. గాయం తగిలితే అక్కడికీ తెలుపు పాకుతుందన్నాడు. "ఎవరు పూశారిది?" అన్నాడు. నేను నేలచూపులు చూశాను.

"నేనే సార్, తెలీక పూసుకుంటి" అంది అక్క.

మళ్లీ ఏడాది ఆగమన్నాడు. బస్సులో నేను ఏడుస్తుంటే, "ఊరుకో రా. ఎవురికీ చెప్పాకు. మీ నాయనకు తెలిస్తే ఆ డాక్టరు లెక్కనే నీ తోలు తీస్తాడు" అని నవ్వబోయి, నవ్వలేక కిటికీ వైపు తిరిగింది.

చివరికి ఆపరేషన్ జరిగింది. అతుకు నిలిచింది, చుట్టూ ఉన్న చర్మం కన్నా కాస్త నల్లగా. అక్క రాయచోటికి పోయింది. ఎత్తుకోబోతే కూతురు గుర్తుపట్టక నాయనమ్మ వెనక దాక్కుందని, అక్క వాళ్ల నాయన మగ్గం ఆపి మా అమ్మతో చెబుతుంటే విన్నాను. ముందటేడే వెళ్లి ఉంటే ఆ పిల్ల గుర్తుపట్టేదేమో.

అక్క చనిపోయి చాలా కాలమైంది. మొన్నామధ్య ఒక పెళ్లిలో ఆ కూతురే, ఇప్పుడు తల నెరిసిన మనిషి, నా పక్కన కూర్చుంది. మాటల్లో, "మాయమ్మ ఎంత తిక్కదో సూడు మామా, మచ్చకు జీడిరసం పూసుకునిందంట. లేకుంటే నా కాడికి ముందే వచ్చేది" అని నవ్వింది. చెప్పాలని నోరు తెరిచాను. పక్కన జనం ఉన్నారు. విస్తరి వైపు చూస్తూ తల ఊపాను.

అక్క నా మీద పడనివ్వని మాట ఇంకా ఆమె మీదే ఉంది. దించాల్సినవాణ్ని నేనొక్కణ్నే. ఎనభై ఏళ్లకు దగ్గరపడుతున్నాను, ఇంకా దించలేదు.