మా ఆయన పడవలో ఆడమనిషి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చెరకు తోట కూలీల కాంపులో పెరిగినదాన్ని. అక్కడ ఎవరికైనా జ్వరం వస్తే చాలు, గాలి సోకిందనేవారు. నేను నవ్వేదాన్ని. ఈ సంగతి జరిగినప్పుడు కూడా నాకు తట్టింది దయ్యం కాదు, సవతి.

మా ఆయన సింహాద్రి తోట పని మానేసి, ఫ్లాక్ తీరంలో ఒక చిన్న పడవ సంపాదించుకున్నాడు. మా దీవిలో దీపావళి దాటితే ఎండాకాలం మొదలై చలిగాలి తగ్గుతుంది. పగడపు గట్టు లోపలి నీళ్లు నూనెలా నిలిచిపోతాయి, వెచ్చబడతాయి. చేపలు గట్టు దాటి లోపలికి వస్తాయి. వెదురు బుట్టలు ముంచి పట్టడానికి అదే అదను.

ఆ ఏడు అందరి బుట్టలూ సగం సగం వస్తుంటే ఈయనవి మాత్రం నిండి వచ్చేవి. సాంత్ర్ ద ఫ్లాక్ ఊరి బజారులో మా చేపల కోసం జనం కాచుకునేవారు. నేను ఎంతో గర్వపడ్డాను.

ఒక మధ్యాహ్నం నా ఆడబిడ్డ నూకాలు ఒడ్డు నుంచి పరుగెత్తుకొచ్చింది.

"వదినా, అన్న పడవలో ఎవరా ఆడమనిషి?"

వెళ్లి చూశాను. ఎండ మండిపోతోంది, నీళ్ల మీద అలంటూ లేదు. దూరాన మా పడవ. మా ఆయన వెనక నిలబడి గెడ వేస్తున్నాడు. ముందు కొస మీద ఒక ఆడమనిషి మాకు వీపు పెట్టి కూర్చుంది. తడి జుట్టు నడుము దాకా విరబోసుకుని ఉంది. నా పక్కనే చేపలమ్మే క్రియోల్ ముసలమ్మ కూడా కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "కీ సన్‌లా సా?" అంది, ఎవరామె అని. అంటే నా ఒక్కదాని కళ్లు చేసిన మోసం కాదు.

నా గుండెలో నిప్పు పడింది.

పడవ ఒడ్డుకొచ్చేసరికి ఆయన ఒక్కడే ఉన్నాడు. దారిలో ఏ లంకలోనో దించేశాడనుకున్నాను. పడవంతా వెతికాను. ఎండకి చెక్కలన్నీ ఎండిపోయి ఉన్నాయి, ముందు చెక్క ఒక్కటే తడిగా ఉంది.

"ఎవర్తి అది?" అన్నాను.

"తో ఫూ? పిచ్చెక్కిందా నీకు?" అని నవ్వాడు.

ఆ నవ్వు చూస్తే ఒళ్లు మరింత మండింది. ఆ వారమంతా వాళ్లూ వీళ్లూ ఆమెను చూశామని చెబుతూనే ఉన్నారు. అందగత్తెలా ఉందని ఒకామె అంది. ముఖం ఎవరూ చూడలేదు కదా, అందం ఎలా తెలిసిందో!

చివరికి పట్టుబట్టి నేనూ పడవెక్కాను. జుట్టు నున్నగా దువ్వి, జడ బిగించి, కొసన దారం ముడేసి, పోయి సరిగ్గా ఆమె కూర్చున్న చోటే కూర్చున్నాను. సముద్రం కదలలేదు. మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. ఆయన ఒక్కో బుట్టా పైకి లాగాడు. అన్నీ ఖాళీ. ఆయన ముఖం వాడిపోయింది. నాకు మాత్రం లోలోపల సంతోషమే కలిగింది.

తిరిగొచ్చేసరికి నూకాలు మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"వదినా, నీ వెనకాల కూర్చున్నామె ఏదీ?"

"నా వెనకాల ఎవరున్నారే?"

"బొండ్యే, దేవుడా! ఇందాకటిదాకా నీ జడ విప్పుతా కూర్చుంది కదా!"

వెనక్కి తడుముకున్నాను. దారం లేదు. జడ సగం దాకా విడిపోయి, నీళ్లు కారుతోంది. ఆ రోజు ఒక్క నీటి చుక్క కూడా నా మీద పడలేదు. నమ్మినా నమ్మకపోయినా జరిగింది ఇదే.

ఆ తర్వాత ఆమె ఎవరికీ కనబడలేదు. మా బుట్టలూ అందరి బుట్టల్లాగే అయిపోయాయి. ఆమె ఎవరో, ఎందుకొచ్చిందో, నన్ను ఎందుకు తాకిందో ఈనాటికీ నాకు అంతుపట్టలేదు.

చాలా ఏళ్ల తర్వాత, గాలి తగ్గిన ఒక పొద్దున, ఆయన వల బాగుచేసుకుంటుంటే అడిగాను.

"నిజం చెప్పు. నువ్వామెను చూశావా, లేదా?"

ఆయన వల పక్కన పెట్టి నీళ్లకేసి చూశాడు.

"లేదే. మీరందరూ చూశారు. నేనొక్కణ్ణే చూడలేదు."

ఆ గొంతులో ఉన్నంత దిగులు ఆయన నా కోసం ఎన్నడూ పడి ఎరగడు.